పటం చుట్టేముందు పిలిచిన ఇల్లు

2011 వానకాలం మొదట్లో నన్ను జనగామ వైపు ఒక మండలానికి తహసీల్దారుగా వేశారు. అంతకు ముందు కేసముద్రంలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్నాను. కొత్త మండలం పేరు ఇక్కడ రాయడం లేదు. ఊరి పేరు, మనుషుల పేర్లు కూడా మార్చాను. ఊరిని గట్టుపల్లి అంటాను. ఒక కులం పేరు కావాలనే వదిలేశాను. ఆ ఊళ్లో ఇప్పుడు గొడవ లేదు, నా రాత వల్ల మళ్లీ మొదలుకావడం నాకిష్టం లేదు.

తహసీల్దారు అంటే పట్టాలు, కులం సర్టిఫికెట్లు చూసే అధికారి అని చాలామంది అనుకుంటారు. ఆ కుర్చీకి ఇంకో హోదా ఉంది, కార్యనిర్వాహక మేజిస్ట్రేటు. ఒక ఊళ్లో శాంతికి భంగం కలిగేలా ఉందని పోలీసులు రాసి పంపితే, రెండు పక్షాలనూ పిలిపించి గొడవ చేయబోమని పూచీకత్తు రాయించుకోవాలి. దాన్ని మేం బైండోవర్ అంటాం. అది చాలదనిపిస్తే నూట నలభై నాలుగో సెక్షన్ కింద ఉత్తర్వు ఇవ్వాలి. ఐదుగురు, అంతకు మించి ఒకచోట గుమికూడకూడదని ఆ ఉత్తర్వు. నా సర్వీసులో ఈ రెండు పనులూ చాలాసార్లు చేశాను. ఒక్కసారి మాత్రం చేయనన్నాను.

ఆ ఏడు సకల జనుల సమ్మెలో మా ఆఫీసుకు తాళం పడింది. వేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. ప్రత్యేక రాష్ట్రం కావాలని కోరుకున్నవాణ్ణి. ఆ మాట అప్పుడు దాచలేదు, ఇప్పుడు సవరించుకోను. సమ్మె ముగిసి తాళం తీసేసరికి పత్తి మొదటి ఏరుడు మొదలైంది. పై అధికారులు మాలాంటి వాళ్లను ఒక కంట కనిపెడుతున్నారు. క్వార్టర్‌లో నేనొక్కణ్ణే. కాలేజీలో తెలుగు చెప్పిన నా భార్య సరోజ పోయి అప్పటికి ఏడాదిన్నర. సాయంత్రాలు ఆమె పుస్తకాలు చదువుకునేవాణ్ణి.

గట్టుపల్లి సంగతి మొదట గిర్దావరు రిపోర్టులో వచ్చింది. గిర్దావరు అంటే కొన్ని ఊళ్ల రెవెన్యూ పనులు చూసే ఇన్‌స్పెక్టరు. ఆయన రాసింది అరపేజీ. తరువాత ఊళ్లో నలుగురిని అడిగి తెలుసుకున్నది కలిపి చెబుతాను.

రత్తమ్మ, ఆమె భర్త సాంబయ్య గుంటూరు వైపు నుంచి వచ్చి గట్టుపల్లిలో ఆరెకరాలు కొనుక్కుని పాతికేళ్లు దాటింది. సాంబయ్య ఆ ఊళ్లోనే చనిపోయాడు. ఆ ఊరి వాగు ఒడ్డునే కాల్చారు. కూతుర్ని కోస్తాలో ఇచ్చారు. రత్తమ్మ ఒక్కతే పొలం దగ్గరి ఇంట్లో ఉండి సేద్యం చేయిస్తున్నది. ఆ ఏడు పత్తి ఏరే రోజుల్లో సాయానికని అల్లుడు వచ్చాడు.

పత్తి ఏరే ఆడవాళ్లలో పోశవ్వ అని ఒక పెద్ద మనిషి ఉంది. ఎండ నడినెత్తికి వచ్చాక ఆమె అల్లుణ్ణి అడిగింది. "జర నీళ్లు దెప్పియ్యి బిడ్డా, నాలిక పిడచ గట్టింది." ఆ కుర్రవాడు నీళ్లు తెప్పించలేదు. సినిమాలో హాస్యగాడు తెలంగాణ మాట అనే తీరులో, మూతి వంకర పెట్టి, అదే వాక్యం తిరిగి అన్నాడు. వెంట వచ్చిన స్నేహితులు నవ్వారు. "మీ భాషకి జోకరు వేషం తప్ప ఇంకోటి రాదు" అని కూడా అన్నాడట.

పోశవ్వ ఒడిలోని పత్తి అక్కడే దులిపి ఇంటికి నడిచింది. మిగతా ఆడవాళ్లు ఆమె వెనకాలే వెళ్లిపోయారు. ఆమె కొడుకు మల్లేశం ఊరి ఉద్యమ కమిటీలో ముందుండేవాడు. పది మందిని వెంటేసుకుని పొలానికి వెళ్లాడు. అల్లుడి చెంప పగిలింది, మోటారు స్టార్టరు డబ్బా పగిలింది. అల్లుడు ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. రత్తమ్మ మిగిలింది. ఆమె పొలానికి ఎవరూ పనికి పోవద్దు, దుకాణంలో సరుకు ఇవ్వద్దు, ఆమెతో మాట్లాడవద్దు, పొలం అమ్ముకుని ఆమె ఊరు విడిచిపోవాలి అని ఊరు కట్టుబాటు చేసుకుంది. ఆరెకరాల్లో పత్తి తెల్లగా విచ్చి ఉంది. మబ్బు పడుతున్నది. తడిస్తే ఆ పంట అంతే.

పద్ధతి ప్రకారం బడిలో శాంతి కమిటీ సమావేశం పెట్టాను. సబ్ ఇన్‌స్పెక్టరు, గిర్దావరు, ఊరి పెద్దలు, యువకులు వచ్చారు. రత్తమ్మ చివరి బెంచీ మీద కూర్చుంది. ఆమె బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు.

మల్లేశం లేచి నన్నే అడిగాడు. "సార్, మీరు గూడ సమ్మె జేసినోళ్లే గదా. మా దిక్కా, వాళ్ల దిక్కా?"

మేజిస్ట్రేటుకు ఏ దిక్కూ ఉండదని గంభీరంగా చెప్పాను.

"దిక్కులేని మనిషిని మా ఊరికెందుకు పంపిండ్రు మరి?" అన్నాడు. బడంతా నవ్వింది. సబ్ ఇన్‌స్పెక్టరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

మల్లేశం నవ్వలేదు. "మా అవ్వ నీళ్లడిగింది సార్. నీళ్లు. ఉద్యోగమడగలే, భూమి అడగలే. మా మాటను ఎక్కిరించుడు ఇంకెన్ని రోజులు?" అన్నాడు. సరోజ ట్రైనింగులో ఉండగా ఆమె మాట విని తోటి టీచర్లు నవ్వేవారని నాకు తెలుసు.

మామూలుగా రాసే మూడు తీర్మానాలు తప్ప ఏమీ తేలకుండా సమావేశం ముగిసింది. బయటికి వస్తుంటే ఊరి సుంకరి యాకూబ్ నా పక్కన నడిచాడు. సుంకరి అంటే రెవెన్యూ శాఖకు ఊళ్లో ఉండే చివరి ఉద్యోగి. చాటింపు వేస్తాడు, నోటీసు అందిస్తాడు, ఎవరి గట్టు ఎక్కడుందో చెబుతాడు. "వచ్చే వారం పటం వస్తది సార్. ఎల్లయ్య తాత వస్తడు" అన్నాడు. అప్పుడు నాకు పటం సంగతి పూర్తిగా తెలియదు. అతనే చెప్పాడు.

పటం అంటే బారెడు వెడల్పు, చాలా మూరల పొడవున్న బట్ట. దాని మీద ఒక కులం పుట్టుక కథ బొమ్మలుగా వేసి ఉంటుంది. కథ చెప్పే బృందం రెండు గుంజల మధ్య దాన్ని వేలాడదీసి, బొమ్మ తరువాత బొమ్మ విప్పుతూ, పుల్లతో చూపిస్తూ పాడుతుంది. బొమ్మ కనబడాలి కాబట్టి పగలే చెబుతారు. ఒక్కో బృందానికి తాతల నాటి నుంచి హక్కున్న ఊళ్లుంటాయి. గట్టుపల్లి ఎల్లయ్య బృందానిది. మూడేళ్లకోసారి వచ్చి మూడు రోజులు చెబుతారు. మూడో రోజు కథ అయ్యాక, పటం చుట్టేముందు ఎల్లయ్య ఊరి ఇళ్లను పేరు పేరునా పిలుస్తాడు. ముందు ఆ కులం ఇళ్లు, తరువాత బృందానికి బియ్యం పెట్టిన ఇతర ఇళ్లు. ఒక్కో ఇల్లు "ఉన్నం" అని పలకాలి. ఇంటిని పిలిచేది బతికున్న వాళ్ల పేరు మీద కాదు, ఆ ఇంట్లో పోయిన పెద్ద పేరు మీద.

"మా ఇల్లు గూడ పిలుస్తరు సార్. మా తాత మౌలాసాబ్ పేరు మీద" అన్నాడు యాకూబ్. "ఎల్లయ్య తాత పిలిచిన ఇంటిని ఊరోళ్లు కాదనరు. గది ఎప్పటి సందో ఉన్నది."

నాకు దారి దొరికిందనుకున్నాను. మర్నాడు ఆఫీసులో కూర్చుని శాంతి కమిటీ తీర్మానాల్లో నాలుగోది చేర్చాను. "పటం కథ చెప్పు ఎల్లయ్య బృందం వారు ఇండ్ల పిలుపు సందర్భమున శ్రీమతి రత్తమ్మ గారి ఇంటిని సైతం పిలువవలసినదిగా తీర్మానించడమైనది." దానికి నా సంతకం, ముద్ర. ఒక నకలు పోలీసు స్టేషనుకు, ఒకటి పంచాయతీ నోటీసు బోర్డుకు, ఒకటి ఎల్లయ్యకు. ఇది రెవెన్యూ మనిషి మాత్రమే చేసే తప్పు. ఊళ్లో ఒక మంచి పద్ధతి ఉందని తెలియగానే దాన్ని కాగితం మీదికి ఎక్కించకపోతే మాకు నిద్ర పట్టదు.

రెండు రోజులకు ఎల్లయ్య ఆఫీసుకు వచ్చాడు. అరవై అయిదేళ్లుంటాయి, సన్నటి మనిషి. నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చాడు. చదువు రాదు, బస్టాండు హోటల్లో చదివించుకున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"తాసిల్దార్ సాబ్, గిది మీ సంతకమేనా?"

నాదేనన్నాను.

"మా తాత పిలిచిండు, మా నాయిన పిలిచిండు, నేను పిలుస్తున్న. ఒక్క పేరు గూడ ఎవలు రాసియ్యలే. రాసిస్తే ఇంటింటికి పంచేటందుకు నేను పోస్టుమాన్‌నా?"

శాంతి కోసమే ఎల్లయ్యా అన్నాను.

"శాంతి మీరు జేసుకోండ్రి. పేర్లు నావి."

"అంటే ఆమె ఇంటిని పిలవనంటారా?"

"పిలుస్తనన్లే, పిలువనన్లే. మీరు చెప్పినందుకైతే పిలువ. మీరు చెప్పినంక పిలిస్తే గది పేరు గాదు సాబ్, నోటీసు. నోటీసును ఎవడన్న చింపుతడు."

అయితే ఏం చేయాలని అడిగాను. ఆ ప్రశ్న అధికారిగా నేను అరుదుగా అడిగేది.

"నా కుండల ఆమె బియ్యం వడాలె. ఆమెనే తెచ్చి పొయ్యాలె. ఇల్లు ఎవరి పేరు మీదనో నోటితోని చెప్పాలె. చివరి దాక పటం ముంగట కూసోవాలె. అందరికున్న రివాజే. ఆమెకు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ముందుగాల ఈ రాసింది కొట్టెయ్యిండ్రి."

మినిట్స్‌లో రాసినదాన్ని అధికారి తనంతట కొట్టేయకూడదు. మళ్లీ కమిటీ కూర్చుని ఇంకో తీర్మానంతో రద్దు చేయాలి. నేను ఎర్ర సిరాతో గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఎల్లయ్య ఆ గీతను వంగి చూశాడు. "మీరు గూడ రండ్రి. జీపు లేకుంట" అని వెళ్లిపోయాడు.

అప్పటికే నష్టం జరిగిపోయింది. ఎల్లయ్య ఆఫీసుకొచ్చి కాగితం తిప్పికొట్టాడని ఊళ్లో తెలిసింది. రత్తమ్మ ఇల్లు పిలువనని కథకుడే తేల్చేశాడని యువకులు దాన్ని తమకు కావలసినట్టు చెప్పుకున్నారు. అంతవరకు దొంగచాటుగా ఆమెకు పాలు పోస్తున్న ఇల్లు కూడా మానేసింది. నా తీర్మానం ఆ ముసలామెకు మిగిలిన చెంబెడు పాలను కూడా ఆపింది.

సబ్ ఇన్‌స్పెక్టరు, పటం చెబితే జనం గుమికూడతారు, గొడవ అవుతుంది అని పైకి రాశాడు. నా పై అధికారి ఫోను చేశాడు. నూట నలభై నాలుగు పెట్టు, పటం ఆపించు, ఊళ్లో పోలీసు పికెట్ వేయిస్తాను అన్నాడు. నేను చెప్పగలిగినంత చెప్పాను. పటాన్ని ప్రభుత్వం ఆపితే ఆపించింది రత్తమ్మే అంటారు. మూడేళ్లకోసారి తమ తాతల పేర్లు వినే రోజును పోగొట్టిన మనిషిగా ఆమె ఆ ఊళ్లో ఒక్క పూట కూడా బతకలేదు. పికెట్ పదిరోజులుండి పోతుంది, ఆమె అక్కడే ఉండాలి.

"నువ్వు సమ్మె మనిషివి. మీవాళ్ల గుంపును చెదరగొట్టడానికి నీకు చేయి రాదు" అన్నాడు.

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. నిజంగానే పక్షపాతంతో ఆలోచిస్తున్నానా అని ఆ సాయంత్రమంతా నన్ను నేను ప్రశ్నించుకున్నాను. జవాబు చట్టంలోనే దొరికింది. ఆ సెక్షన్ కింద ఉత్తర్వు ఇవ్వాలంటే అవసరం ఉందని మేజిస్ట్రేటుకు స్వయంగా నమ్మకం కలగాలి. ఇంకొకరి నమ్మకం మీద సంతకం పెట్టడానికి వీల్లేదు. టైపు చేసి సిద్ధంగా ఉన్న ఫారాన్ని సొరుగులో పెట్టాను. ఫైలు మీద ఇలా రాశాను: "ఉత్తర్వు అవసరమని నాకు నమ్మకం కలగలేదు. పర్యవసానాలకు నాదే బాధ్యత." కింద తేదీ, ముద్ర. అంత పొట్టి నోటు నేను అంతకు ముందు రాయలేదు.

పటం మూడో రోజు క్యాజువల్ లీవు పెట్టి, బస్సు దిగి, రెండు కిలోమీటర్లు నడిచి గట్టుపల్లి చేరాను. యాకూబ్ నాకు గోనెసంచి పరిచాడు. ఎల్లయ్య నన్ను చూసి కూడా పలకరించలేదు. అతని వెనక పటం రెండు వంతుల పైన విప్పి ఉంది, ఎర్రటి రంగు మీద పసుపు, నీలం బొమ్మలు. పక్కన మూడు రాళ్ల మీద ఇత్తడి కుండ. రెండు రోజులుగా ఇంటింటి బియ్యం అందులోనే పడింది. రత్తమ్మ ఇంటి నుంచి అంతకు ముందెప్పుడూ బియ్యం రాలేదట. రివాజు సంగతి యాకూబ్‌తో కబురు చేయించినా ఆమె రెండు రోజులూ రాలేదు.

మూడో పొద్దున ఆమె వచ్చింది. పొలం ఇంటి నుంచి కుండ దాకా ఊరి వీధి మొత్తం నడవాలి. స్టీలు గిన్నెలో బియ్యం, మీద కొంగు. ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ పలకరించలేదు. దారి మాత్రం ఇచ్చారు. బియ్యం కుండలో పోసి నిలబడింది.

"ఇల్లు ఎవరి పేరు మీదమ్మా?" అన్నాడు ఎల్లయ్య.

ఆమె ఖాళీ గిన్నె వైపు చూసింది. రెండోసారి అడిగాడు.

"ఆయన పేరు నేనెప్పుడూ నోటితో అనలేదండి" అంది.

భర్త పేరు పలకని తరం ఆమెది. ఇలాంటప్పుడు పక్కనున్న ఆడవాళ్లు అందించడం మామూలే. ఆ రోజు పక్కన ఎవరూ అందించలేదు. ఆమెతో మాట్లాడకూడదని కట్టుబాటు కదా. ఎల్లయ్య పుల్ల పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. అతనికి సాంబయ్య పేరు తెలియక కాదు.

రత్తమ్మ గిన్నె కింద పెట్టింది. కొంగు నడుముకు చుట్టుకుంది. "సాంబయ్య" అంది. వినబడిందో లేదో అన్నట్టు ఇంకోసారి, ఈసారి ఊరంతటికీ, "సాంబయ్య ఇల్లు!" అంది.

"అవ్వో, మొగని పేరన్నది!" అని ఒకావిడ నోటి మీద చేయి వేసుకుంది.

"పేరన్నంక గూడ ఏం గాలే, మూతి సక్కగనే ఉన్నది" అని ఇంకొకావిడ. ఆడవాళ్ల వైపు నవ్వు పుట్టి, వెంటనే అణిగింది. పోశవ్వ నవ్వలేదు. రత్తమ్మ వచ్చి ఆడవాళ్ల చివరి వరుసలో నేల మీద కూర్చుంది.

మధ్యాహ్నం దాకా కథ నడిచింది. ఎల్లయ్య బృందంలో నర్సయ్య అని వంతగాడు ఉన్నాడు. వంతగాడంటే కథకుడికి తాళం వేస్తూ, మధ్యమధ్యలో నవ్వించేవాడు. కథలో ఒక రాజు అడవిలో దప్పికతో పడిపోయే చోటు వచ్చింది. ఎల్లయ్య ఆగి, "రాజు నీళ్లు ఎట్ల అడుగుతడు నర్సిగా?" అన్నాడు.

నర్సయ్య కోస్తా యాస ఎత్తుకున్నాడు. "ఏవండీ, కాసిని మంచినీళ్లిప్పిస్తారేంటండీ, ఆయ్!" జనం విరగబడి నవ్వారు. కుర్రవాళ్లు ఈలలు వేశారు. రత్తమ్మ తల దించుకుంది. నేను భయపడ్డాను. ఫైలు మీద రాసిన నోటు గుర్తొచ్చింది.

"గా రాజు గాదు, ఆఫీసుల రాజు" అన్నాడు ఎల్లయ్య.

నర్సయ్య కాగితం పట్టుకున్నట్టు చేయి చాచి, గొంతు పెద్దది చేశాడు. "విషయము: దాహము అగుట గురించి. సూచిక: గొంతు ఎండుట. పై విషయమునకు సంబంధించి, చెంబెడు నీళ్లు మంజూరు చేయవలసినదిగా కోరడమైనది. నకలు పోలీసు స్టేషనుకు!"

ఊరు మొత్తం నా వైపు తిరిగి నవ్వింది. నా తీర్మానం నోటీసు బోర్డు మీద అందరూ చదివిందే. నాకూ నవ్వు వచ్చింది. రత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నది. పోశవ్వ కూడా.

ఆ నవ్వు ఆగేదాకా ఎల్లయ్య ఆగాడు. తాళం ఆపించాడు. ఏ వేషమూ లేకుండా, అలసిపోయిన ముసలి మనిషి గొంతుతో అన్నాడు. "జర నీళ్లు దెప్పియ్యి బిడ్డా, నాలిక పిడచ గట్టింది."

ఆ మాటలు ఎవరివో ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఎవరూ నవ్వలేదు. నీళ్ల బిందె పక్కన కూర్చున్నవాడు మల్లేశం. చెంబు ముంచి తీసుకెళ్లి ఎల్లయ్యకు ఇచ్చాడు. ఎల్లయ్య గటగటా తాగాడు. నిజంగానే దప్పికయింది. చెంబు తిరిగిచ్చి, పటం మీద పుల్ల పెట్టి, తరువాతి బొమ్మకు వెళ్లాడు. దాని గురించి ఒక్క మాట కూడా వివరించలేదు.

కథ ముగిసింది. ఎల్లయ్య ఇళ్ల పిలుపు మొదలుపెట్టేముందు మల్లేశం లేచాడు. వెంట పదిమంది దాకా లేచారు.

"తాతా, ఒక్క మాట. నీళ్ల ముచ్చట మంచిగ జెప్పినవ్. కని ఆ ఇల్లు పిలిస్తే మేం లేచిపోతం."

"పోండ్రి" అన్నాడు ఎల్లయ్య. "పటం చుట్టకముందు లేచినోళ్ల ఇల్లు పిలువ. గది గూడ రివాజే. మీ తాత ఐలయ్య పేరు ఇయ్యాల తప్పిపోతది. మల్ల మూడేండ్లకు. అప్పటిదాక నేనుంటనో లేదో."

"బెదిరిస్తున్నవా తాతా?"

"నీకు నేనెందుకు భయపడ్తరా, నువ్వు నాకెందుకు భయపడ్తవ్? సర్కారే ఆపలేకపోయింది ఈ పటాన్ని. సర్కారు గా సంచి మీద కూసున్నది సూడు. నీ లేచుడుకు ఆగుతదా?"

మల్లేశం నిలబడే ఉన్నాడు. అతని వెనక ఒకరిద్దరు తండ్రుల ముఖాలు చూసి కూర్చున్నారు. అప్పుడు పోశవ్వ కూర్చున్న చోటి నుంచే మాట్లాడింది.

"కూసోరా. మాటన్నది నన్ను. నేను మరువ, ఎవలు చెప్పినా మరువ. కని నీ లొల్లి కోసం నా మామ పేరు వొగొట్టుకోను. కూసో."

అతను కూర్చున్నాడు. కొంచెం సేపు పట్టింది, కానీ కూర్చున్నాడు.

ఎల్లయ్య పిలవడం మొదలుపెట్టాడు. కాగితం లేదు. ఒక్కో పేరుకు ఒక్కో మూల నుంచి "ఉన్నం". ఐలయ్య ఇల్లు అన్నప్పుడు పోశవ్వ గొంతు, ఆ వెంట మల్లేశం గొంతు. తరువాత ఇతర ఇళ్లు. మౌలాసాబ్ ఇల్లు అంటే యాకూబ్ చేయి ఎత్తి మరీ పలికాడు. అన్నిటికన్నా చివర, అంతవరకు ఏ గొంతుతో పిలిచాడో అదే గొంతుతో, పెంచకుండా తగ్గించకుండా, ఎల్లయ్య పిలిచాడు.

"సాంబయ్య ఇల్లు."

"ఉన్నామండి" అంది రత్తమ్మ.

ఆ యాసకు ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరూ లేవలేదు. నర్సయ్య కింది అంచు పట్టుకున్నాడు, ఎల్లయ్య పటం చుట్టాడు.

పోయిన మనిషి పేరు మీద ఇల్లు నిలవడం నేను అక్కడ మొదటిసారి విన్నాను. అది నాకెందుకు పట్టిందో పాఠకులు ఊహించగలరు.

ఆ తరువాత జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను. మూడో నాటికి ఏడెనిమిది మంది ఆడవాళ్లు రత్తమ్మ పొలంలో దిగారు. అందరూ రాలేదు. ఒక జల్లు పడి కొంత పత్తి పాడయింది, ఎక్కువ భాగం ఇల్లు చేరింది. పోశవ్వ ఆ ఏడు వెళ్లలేదు. "ఆ పిలగాడు వచ్చి నా ముంగట నిలవడాలె" అని రత్తమ్మకు కబురు చేసింది. అల్లుడు రాలేదు. రత్తమ్మే వెళ్లి ఆమె గడపలో కూర్చుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో యాకూబ్‌కు కూడా తెలియదు. మరుసటి ఏడు పోశవ్వ ఏరడానికి వెళ్లిందని విన్నాను. మల్లేశం రత్తమ్మతో మాట్లాడాడో లేదో నాకు తెలియదు. మాట్లాడాలని నేను అడగలేదు. స్టార్టరు డబ్బా మాత్రం బాగు చేయించాడు.

నాకు సంజాయిషీ మెమో వచ్చింది. ఉన్నతాధికారి సూచనను పాటించలేదని ఒక అభియోగం, మినిట్స్‌లోకి ఎక్కిన తీర్మానాన్ని పద్ధతి లేకుండా కొట్టేశానని ఇంకొకటి. రెండోది నిజం, ఒప్పుకున్నాను. మొదటిదానికి జవాబుగా ఫైలు మీది నోటునే మళ్లీ రాశాను. ఎండాకాలం రాకముందే నన్ను కాటారం బదిలీ చేశారు. అడవి అంచు ఊళ్లు, వరి పొలాలు, భూపాలపల్లికి పోయే బస్సులు. శిక్ష అని వేశారు. అక్కడ బాగానే పనిచేశాను. రాష్ట్రం వచ్చిన రోజు కూడా అక్కడే ఉన్నాను.

ఎల్లయ్య నిరుడు పోయాడు. యాకూబ్ ఫోను చేసి చెప్పాడు. ఎల్లయ్య కొడుకు భూపాలపల్లిలో ఆటో నడుపుతాడు. దినానికి వెళ్తే పటం దూలానికి కట్టి ఉంది. కథ తనకు పూర్తిగా రాదని, ఇళ్ల పేర్లు మాత్రం అన్ని ఊళ్లవీ వచ్చని ఆ కొడుకు చెప్పాడు. గట్టుపల్లి చెప్పమన్నాను. చెప్పాడు. చివర సాంబయ్య ఇల్లు ఉంది.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది చిన్నదే. కళ మనుషుల్ని మంచివాళ్లను చేస్తుందని నేను అనను. గట్టుపల్లిలో ఎవరి మనసూ ఆ రోజు మారలేదు. కానీ కొట్టుకోవలసిన వాళ్లు పటం చుట్టేదాకా ఒకేచోట కూర్చున్నారు, లేచి వెళ్తే తమకేం పోతుందో వాళ్లకు తెలిసింది. గుంపును చెదరగొట్టడానికి మాకు శిక్షణ ఉంది, ఫారాలు ఉన్నాయి. కూర్చోబెట్టడానికి ఏ ఫారమూ లేదు. అది తెలిసినవాడు ఎదురైనప్పుడు అధికారి అతనికి రాసివ్వకూడదు, అతన్ని ఆపకూడదు. సంతకం లేని ఆ నూట నలభై నాలుగు ఫారం ఇప్పటికీ నా దగ్గరుంది. ఇవాళ పెట్టమన్నా దాని మీద సంతకం పెట్టను.